ఉచితానికి ఔచిత్యముండాలి

తెలుగులో 'ఉచితం' అనే మాటకు జరిగినంత అన్యాయం మరే తత్సమానికీ జరుగలేదేమోననిపిస్తుంది. సంస్కృతంలో ఆ మాటకు తగినది, యోగ్యమైనది అని అర్థం. 'ఔచిత్యం' దానినుండి పుట్టినదే. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశీయుడైన క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ' అనే గ్రంథం వ్రాసి, కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనని వాదించాడు. అంతటి మాట మన వాడుకలో క్రమంగా 'డబ్బివ్వకుండా దొరికేది' అనే స్థితికి దిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఇప్పుడు మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పిల్లలు 'ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్టువేరు' అంటే, వారి మనసులో ఉన్నది తాళం పగులగొట్టి పెన్‌డ్రైవులో చేతులు మారే ఫొటోషాపు. యోగ్యమైనది అనే అర్థంతో బయలుదేరిన మాట దొంగసొత్తు అనే అర్థానికి చేరింది.

ఈ టపాలో చెప్పదలచినది ఒక్కటే. ఫోనులలో, కంప్యూటరులలో ఆడే ఆటలకు బొమ్మలు గీయాలనుకొనే మన పిల్లలు ఉపకరణాన్ని ఎంచుకొనేటప్పుడు ధర చూడటం తప్పు కాదు, ధర ఒక్కటే చూడటం తప్పు. పనికి తగినదా? తెలుగు అక్షరాన్ని అక్షరంగా నిలుపుతుందా? గీసిన బొమ్మ పదేళ్ళ తరువాత కూడా మన చేతిలోనే ఉంటుందా? ఈ మూడు ప్రశ్నలూ వేసుకుంటే గింప్, క్రిటా, ఇంక్‌స్కేప్, బ్లెండర్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేర్లు దొంగ ఫొటోషాపు కంటె మాత్రమే కాదు, నెలనెలా అద్దె చెల్లించి తెచ్చుకున్న ఫొటోషాపు కంటె కూడా మనవారికి ఉచితమైనవి. ఈ మాటను ఇక్కడ క్షేమేంద్రుని అర్థంలోనే వాడుతున్నాను.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని అడిగేవారు ఉంటారు. నన్ను ఇందులోకి దించినది అక్షరం. మా పట్టణంలో డిగ్రీ చదివే ఒక కుర్రవాడు వైకుంఠపాళిని ఫోనులో ఆడే ఆటగా తయారుచేస్తున్నాడు. పటంలోని గళ్ళ పేర్లలో అక్షరదోషాలు సరిచూడమని నా దగ్గరికి తెచ్చాడు. చూస్తే దోషం అతనిది కాదు. 'భక్తి' అన్న గడిలో కకారానికి పొల్లు తగిలి, తకారం విడిగా పక్కన నిలుచున్నది. 'జ్ఞానం' ముక్కలై, జకారం ఒకచోట, ఞకారం ఒకచోట పడి ఉన్నాయి. ఇదేమిటయ్యా అంటే, "శిక్షణకేంద్రంలో ఇచ్చిన ఫొటోషాపు ఇంతే సార్, యూనికోడు రాదు, పాత ఫాంటు వేసుకొమ్మన్నారు" అన్నాడు. ఆ శిక్షణకేంద్రం పేరు ఇక్కడ అనవసరం. అక్కడి ఫొటోషాపు దొంగప్రతి. దాన్ని నేర్పినందుకు పిల్లలనుండి తీసుకున్న రుసుము మాత్రం అసలైనదే.

యూనికోడు రాదట! మిత్రులారా, మనం ఎన్నడో తేల్చుకున్న తగాదా ఇది. లేఖినిలో ఒక్కొక్క అక్షరం కూర్చుకొని, కూడలిలో ఒకరి వ్రాతలు ఒకరం వెతుక్కొని చదువుకున్న రోజులలో మనం వాదించినదంతా దీనికోసమే కదా? తెలుగు అక్షరం ఏ ఒక్క సంస్థ ఫాంటులోనో బందీగా ఉండరాదని, ఏ యంత్రంలో వ్రాసినా ఏ యంత్రంలోనైనా చదువుకోగలగాలని. వ్రాతలో ఆ యుద్ధం గెలిచాము. బొమ్మలో అది ఇంకా మొదలే కాలేదు.

నిజానికి ఫొటోషాపుకు తెలుగు అసలే రాదనడం కూడా సరికాదు. దాని ప్రతులలో కొన్నింటిలో దక్షిణాసియా లిపులకు వేరే అమరిక ఉంది. వాటిలో ఆ అమరికను ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. దొంగప్రతితో బ్రతికే శిక్షణకేంద్రానికి ఆ సంగతి తెలియదు. ఎక్కడో ఆగిపోయిన పాత ప్రతినే ఏళ్ళ తరబడి నేర్పుతుంటుంది. అదే గింప్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో యూనికోడులో 'వైకుంఠపాళి' అని కొట్టండి. ఏ అమరికా మార్చకుండానే గుణింతం గుణింతంగా, వత్తు వత్తుగా నిలుస్తుంది. ఆ రెండింటిలోనూ అక్షరాలను కూర్చే పనిని పాంగో, హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా గ్రంథాలయాలు చేస్తాయి. లోకంలోని లిపులన్నింటినీ దృష్టిలో పెట్టుకొని కట్టినవి అవి. ఆ కుర్రవాని పటాన్ని ఇంక్‌స్కేప్‌లోకి మార్చుకోవడానికి ఒక్క సాయంత్రం పట్టింది.

బొమ్మ దాటి ఆటలోకి వెళ్ళినా ఇదే కథ. ఆటను నడిపించే గొడో అనే స్వేచ్ఛా యంత్రం 2014లో మూలాలతో సహా లోకానికి విడుదలైంది. మొదట దానిలోనూ మన లిపి సరిగా కూర్చుకొనేది కాదు. 2023 మార్చిలో వచ్చిన నాలుగవ ప్రతినుండి సంక్లిష్టలిపులకు కూర్పు వచ్చి చేరింది. మూలం అందరి ఎదుటా ఉన్నందువల్ల, లోపం ఎక్కడుందో పట్టుకొని సరిదిద్దడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. మూసిన పెట్టెలో లోపముంటే మనం విన్నపం వ్రాసుకొని వేచి ఉండాలి. తెలుగు వత్తుల కోసం పరదేశపు సంస్థ తన పనుల పట్టికలో ఎన్నవ స్థానం ఇస్తుందో మనకు తెలియనిది కాదు.

ఇక పనికి తగినదా అన్న ప్రశ్న. 'ఉచితంగా వచ్చేది నాసిరకమే' అనే మాట మన బజారులో వేళ్ళూనుకొని ఉంది. అది బజారు సరుకుకు వర్తిస్తుందేమోగాని దీనికి వర్తించదు. బ్లెండర్ కథ చూడండి. అది మొదట ఒక వ్యాపారసంస్థ సొత్తు. ఆ సంస్థ మూతపడినప్పుడు, 2002లో, దాని అభిమానులు ఏడు వారాలలో లక్ష యూరోలు పోగుచేసి మూలాన్ని విడిపించుకొన్నారు. ఆ ఏడాది అక్టోబరు 13న అది స్వేచ్ఛా సాఫ్టువేరుగా వెలువడింది. అదే బ్లెండర్‌తో లాత్వియా అనే చిన్న దేశంలోని దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ నిర్మించిన 'ఫ్లో' అనే చిత్రం 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కారు అందుకున్నది. పెద్దపెద్ద సంస్థలు కోట్ల డాలర్లు వెచ్చించి తీసిన చిత్రాలు దానికి పోటీలో నిలిచాయి. ఉపకరణం పేదదని ఇకమీదట ఎవరైనా అంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టే లెక్క.

అయితే మా పిల్లలకు అంతదూరపు ఉదాహరణ అక్కరలేదు. గద్వాలలోనే, మగ్గం దగ్గరే, ఆటలబొమ్మల పాఠం మొత్తం ఉంది. గద్వాల చీర అంచునూ కొంగునూ జకార్డు మగ్గానికి ఎక్కించేముందు డిజైను గీసేవారు ఏం చేస్తారు? గళ్ళకాగితం తీసుకొని ఒక్కొక్క గడినే నింపుకుంటూ పోతారు. నిలువు వరుస పడుగుకు లెక్క, అడ్డు వరుస పేకకు లెక్క. ఆ గళ్ళ ప్రకారం అట్టలకు రంధ్రాలు పడతాయి, ఆ రంధ్రాల ప్రకారం పోగులు లేస్తాయి. 120 లేక 240 కొక్కేల హద్దులోనే హంస నిలవాలి, మామిడిపిందె వంపు తిరగాలి, కుంభపు మొన కొసదేరాలి. వంపు అన్నది నిజానికి అక్కడ లేదు. మెట్లుమెట్లుగా నింపిన గళ్ళను చూచి కన్ను వంపుగా భావిస్తుంది. రంగులు కూడా నేతగాడి దగ్గరున్న పోగులు ఎన్నో అన్నే.

ఆటలబొమ్మలలో 'పిక్సెల్ చిత్రం' అనేది అక్షరాలా ఇదే. పదహారు గళ్ళ వెడల్పులోనో ముప్ఫైరెండు గళ్ళలోనో ఒక మనిషిని నిలబెట్టాలి, పరుగెత్తించాలి, పడగొట్టాలి. పరిమితమైన రంగుల పట్టిక. మెట్లతో సాధించిన వంపు. నేలను, గోడను పరచడానికి గీసే పలక కుడి కొస ఎడమ కొసకు అతకాలి, అంచులో ఒక హంస తోక వెంటనే వచ్చే హంస ముక్కుకు అతికినట్లు. గళ్ళకాగితంపై అంచు గీయగల ఇంటి పిల్లవాడు దీనికి సగం పైగా సిద్ధమై పుట్టినవాడే. పత్తి ఒడలినీ పట్టు అంచునూ కుప్పడం పద్ధతిలో పోగుకు పోగు ముడివేసి అతుకు తెలియకుండా కలిపే చేతులున్న ఊరు ఇది. ఆ ఊరి పిల్లవానికి పలక అతికించడం ఎట్లాగో చెప్పడానికి ఖరీదైన కోర్సు కావాలా?

ఈ పనికి ఫొటోషాపు తగినది కాదు కూడా. అది ఛాయాచిత్రాలకోసం పుట్టిన యంత్రం. గళ్ళ బొమ్మలకు ప్రత్యేకించి పుట్టిన చిన్న ఉపకరణాలు ఉన్నాయి. ఏస్‌స్ప్రైట్ అన్నది సుమారు 20 డాలర్ల ధర గలది. ఒక్కసారి చెల్లిస్తే చాలు, అద్దె లేదు. దాని మూలం బహిరంగంగానే ఉంటుంది, ఓపిక ఉన్నవాడు తన కోసం తానే కూర్చుకొని పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు. కాని 2016లో దాని నిబంధనలు మారాయి, మూలం కనబడినా ఇతరులకు పంచే హక్కు లేదు. అప్పుడు కొందరు, మార్పుకు ముందున్న స్వేచ్ఛా మూలాన్ని తీసుకొని లిబ్రెస్ప్రైట్ అనే వేరు శాఖను నాటారు. గొడో యంత్రంపైనే కట్టిన పిక్సెలోరామా అనే మరొక స్వేచ్ఛా ఉపకరణం ఉంది. ఇవన్నీ పాత కంప్యూటర్లమీద కూడా పరుగెత్తుతాయి. కాస్త పెద్ద బొమ్మలు, కుంచెతో వేసినట్లుండే నేపథ్యాలు గీయాలంటే క్రిటా. అందులో ఒక మీట నొక్కితే కాగితం నలువైపులా తనలోకి తానే చుట్టుకుంటుంది. అంచు అతుకుతున్నదో లేదో గీస్తూనే చూచుకోవచ్చు. మా నేతగాళ్ళకు చూపిస్తే ఇటువంటిది మాకెవరూ చెప్పలేదేమని నిలదీస్తారు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె గట్టిది. బొమ్మ ఎవరి చేతిలో ఉంటుంది? దీనికి జవాబు తెలియాలంటే మన తెలుగు అచ్చు చరిత్రనే గుర్తు చేసుకోవాలి. ఒక తరంపాటు తెలుగు పుస్తకాలు పేజ్‌మేకరులో, యూనికోడు కాని ఫాంటులలో కూర్చబడ్డాయి. పేజ్‌మేకరు చివరి ప్రతి 2001లో వచ్చింది, 2004లో దాని అభివృద్ధి ఆగిపోయింది. ఆ ఫైళ్ళు ఇవాళ తెరిస్తే తెలుగు కనబడదు, ఏవో లాటిను గుర్తులు కనబడతాయి. పుస్తకం వ్రాసినవాడు బ్రతికి ఉండగానే ఆయన ఫైలు చచ్చిపోయింది. మళ్ళీ మొదటినుండి కొట్టించుకొన్న రచయితలు మనలోనే ఉన్నారు. ఆటల లోకంలో ఫ్లాషుకు ఇదే గతి పట్టింది. ఒకనాడు అంతర్జాలంలోని ఆటలలో అనేకం దానితోనే నడిచాయి. 2020 డిసెంబరు 31తో దాని పోషణ ముగిసింది. యజమాని దీపం ఆర్పాడు, ఇల్లంతా చీకటి.

ఫొటోషాపును ఒకసారి కొని ఉంచుకొనే పద్ధతి 2012నాటి సి.ఎస్. 6తో సరి. 2013నుండి అద్దె పద్ధతే. అద్దె ఆగితే పనిముట్టు ఆగుతుంది. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్నారు పెద్దలు. అద్దెకు తెచ్చిన నగతో పెళ్ళికి వెళ్ళవచ్చునేమో, కాని అద్దెకు తెచ్చిన నాగలితో ఏళ్ళ తరబడి సేద్యం చేయమంటే రైతు నవ్వుతాడు. ఆటలను కట్టే యూనిటీ అనే యంత్రం యజమానులు 2023 సెప్టెంబరులో ఒక ప్రకటన చేశారు. ఆట ఒక హద్దు దాటి జనాదరణ పొందితే, ఎవరైనా కొత్తగా తమ యంత్రంలో నిలుపుకున్న ప్రతిసారీ తయారుచేసినవాడు తమకు రుసుము చెల్లించాలన్నారు. అప్పటికే ఏళ్ళు కష్టపడి ఆట కట్టుకున్నవారి గుండెలు జారాయి. పెద్ద గగ్గోలు పుట్టాక 2024 సెప్టెంబరులో దానిని రద్దు చేశారు. రద్దు చేసినందుకు సంతోషమే. కాని కొరడా వారి చేతిలో ఉందని అందరికీ ఒక్కసారి తెలిసిపోయింది.

ఇక్కడే ఉచితానికీ స్వేచ్ఛకూ గల భేదం చెప్పాలి. ఆంగ్లంలో రెంటికీ ఒకే మాట కావడంవల్ల వారు ఆ భేదాన్ని విడమరచి చెప్పుకోవలసి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది లేదు. ధర లేనిది వేరు, బంధం లేనిది వేరు. అఫినిటీ అనే చిత్రోపకరణాన్నే తీసుకోండి. అద్దె లేకుండా ఒక్క వెలకు దొరికే మంచి పనిముట్టుగా దానికి పేరు. 2024లో కాన్వా అనే సంస్థ దాన్ని కొన్నది, 2025 అక్టోబరులో వెల లేకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. వాడుకోదలచినవారు వాడుకోవచ్చు, అందులో దోషమేమీ లేదు. కాని మూలం వారిది, తాళంచెవి వారిది, రేపటి నిర్ణయం వారిది. గింప్ సంగతి అట్లా కాదు. 1996లో మొదటిసారి లోకానికి వచ్చినప్పటినుండి దానిని ఎందరో చేతులు మార్చుకొని మోస్తున్నారు. మోసేవారు అలసిపోయినా మూలం ఉంటుంది, మరొకరు ఎత్తుకోవచ్చు. ఇంక్‌స్కేప్ అట్లా పుట్టినదే: 2003లో సోడిపోడి అనే మరొక స్వేచ్ఛా సాఫ్టువేరునుండి చీలి బయటకు వచ్చింది.

"అంత నీతి మాకు కట్టుబడి కాదండీ, పేదపిల్లలు దొంగప్రతి వాడుకుంటే పెద్ద కంపెనీకి పోయేదేముంది" అని నాతో వాదించిన పెద్దలున్నారు. కంపెనీ నష్టం గురించి నాకూ నిద్ర పట్టకపోవడం లేదు. నా చింత పిల్లవాని నష్టం గురించి. 1957నాటి కాపీరైటు చట్టంలో 63-బి అనే సెక్షను ఉంది. దొంగప్రతి అని తెలిసి కంప్యూటరులో సాఫ్టువేరు వాడితే ఏడు రోజులనుండి మూడేళ్ళదాకా కారాగారం, 50 వేలనుండి రెండు లక్షల రూపాయలదాకా జరిమానా. లాభంకోసం కాకుండా సొంతానికి వాడుకున్నవాని విషయంలో కారాగారం లేకుండా విడిచే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. కాని ఆట తయారుచేసి అంగట్లో పెట్టి పది రూపాయలు సంపాదించాలనుకొనే పిల్లవానికి ఆ వెసులుబాటు ఎట్లా దక్కుతుంది? తొలి సంపాదనే నేరంతో మొదలవుతుంది. తాళం పగులగొట్టే ఆ చిన్న ప్రోగ్రాముతోపాటు ఏ పురుగు ఇంట్లోకి వస్తుందో వేరే చెప్పాలా? ఇంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. దొంగప్రతి వాడేవాడు తన పనిని ధైర్యంగా నలుగురిలో చూపలేడు. ఏ ఉపకరణంతో గీశావని అడిగితే నీళ్ళు నమలాలి. తలెత్తుకొని చెప్పలేని పనిముట్టు ఎందుకు?

రెండవ వాదం ఉద్యోగాలది. హైదరాబాదు స్టూడియోలు ఫొటోషాపు, మాయా వచ్చినవారినే తీసుకుంటాయి కదా, ఇవి నేర్చుకుంటే అన్నం పెడతాయా అని. ఈ వాదంలో నిజముంది గనుక దీనికి తిన్నగా జవాబు చెప్పాలి. ఉద్యోగ ప్రకటనలలో ఆ పేర్లు ఉంటాయి. అయితే రంగు, వెలుగునీడలు, శరీర నిర్మాణం, కదలిక, పొరల పద్ధతి ఇవి చేతికి వచ్చిన విద్యలు. క్రిటాలో వచ్చినవి ఫొటోషాపులో రాకుండా పోవు. మీటలు మారతాయి, కొద్ది వారాలలో అలవాటవుతాయి. ఆ కొద్ది వారాలు ఉద్యోగమిచ్చినవాని అసలుప్రతిమీద, వాని ఖర్చుతో, నేర్చుకోవచ్చు. ఇంటి దగ్గర అందుకోసం దొంగ కానక్కరలేదు.

కాని ఉద్యోగమొక్కటే గమ్యమా? పాలమూరు బిడ్డలకు ఈ ప్రశ్న వేరుగా వినబడుతుంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ త్రవ్వినా పాలమూరు కూలీ ఉన్నాడని చెప్పుకొంటాము. ఆ కూలీని తీసుకొనిపోయింది గుంపుమేస్త్రీ. ముందు కొంత పైకం చేతిలో పెట్టి, అది తీరేదాకా చాకిరి చేయించుకున్నాడు. ఆనకట్టమీద కూలీ పేరు లేదు, నీరు కూలీ చేనుకు రాలేదు. ఇవాళ పరదేశపు ఆటలకు కత్తులూ కవచాలూ బొమ్మకింత అని గీసి ఇచ్చే పని మన నగరాలలో చాలా ఉంది. గౌరవమైన పనే, కాదనను. కాని అద్దె పనిముట్టుతో, ఇతరుల కథకు, ఇతరుల ఆయుధం గీసి, తన పేరు లేకుండా పంపే పిల్లవాడు చల్లని గదిలో కూర్చున్న పాలమూరు కూలీయే. వానికి కనీసం పనిముట్టయినా సొంతమైతే, రాత్రిపూట తన ఆట తాను గీసుకుంటాడు.

ఆ సొంత ఆటకు సరుకు తక్కువా? అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాలున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టులో మునగకుండా కూడవెల్లినుండి రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన సంగమేశ్వరాలయం ఉంది. ఒక ఆలయాన్ని రాళ్ళుగా విప్పి, అంకెలు వేసి, మళ్ళీ కట్టడం అంతకంటె చక్కని ఆట ఏముంది? అమ్రాబాదు అడవి ఉంది, సోమశిల రేవు ఉంది. గుడి మండపాల నేలమీద చెక్కిన పులి-మేక గళ్ళున్నాయి. అష్టాచెమ్మా, వామనగుంటలు ఉన్నాయి. 2017లో హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 'అసుర' అనే ఆటను వెలువరించింది. నగరంలో జరిగినది మన జిల్లాలలో జరగరాదని రాసిపెట్టి ఉందా? వనపర్తి రాజప్రాసాదంలోనే పాలిటెక్నిక్ కళాశాల నడుస్తున్నది. రాజులు కవులను పోషించిన చోట యంత్రవిద్య చదివే పిల్లలు ఆటలు కట్టలేరా?

అక్షరరూపాల విషయంలో మనకు మరొక కానుక ఉంది. సిలికానాంధ్ర వెలువరించిన తెలుగు యూనికోడు ఖతులలో 'సురవరం' ఒకటి. గద్వాల ప్రాంతపు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, 1934లో, 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన మహానుభావుడాయన. ఆ ఖతి స్వేచ్ఛా లైసెన్సు గలది. అమ్మే ఆటలో పెట్టుకున్నా ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. ఆయన పేరున్న అక్షరాన్ని దొంగ ఫొటోషాపులో వత్తులు విరిచి వాడటమంటే నాకు కడుపు మండుతుంది.

ఇప్పుడు స్వేచ్ఛా సాఫ్టువేర్లలోని లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే ఇది వ్యాసం కాదు, స్తోత్రమవుతుంది. గింప్ మీటల అమరిక కొత్తవారిని బెదరగొడుతుంది. వేసిన మార్పును తరువాత సవరించుకొనే వీలు అందులో 2025 మార్చిలో వచ్చిన మూడవ ప్రతిలో గాని రాలేదు. అంతకాలం ఆలస్యం కావడం సమర్థించదగినది కాదు. అచ్చుకు పంపే రంగుల పద్ధతిలో అది వెనుకబడే ఉంది. అయితే ఆటలకు అచ్చురంగులతో పని లేదు. క్రిటాలో అక్షరాల పని బలహీనం. పేర్లూ శీర్షికలూ ఇంక్‌స్కేప్‌లో కూర్చి తెచ్చుకోవడం నయం. నేటి బ్లెండర్ పాతబడిన కంప్యూటరులో నడవదు. కనీసం 8 జి.బి. జ్ఞాపకశక్తి, ఓ మోస్తరు చిత్రఫలకం ఉండాలి. అది లేనివారు గళ్ళ బొమ్మలతో మొదలుపెట్టడం మంచిది. గళ్ళ బొమ్మకు మౌసు చాలు. చేతివ్రాత కలం ఉన్న పలక తరువాత కొనుక్కోవచ్చు.

'ఇంకా బొమ్మలు గీయడమెందుకండీ, కృత్రిమమేధను అడిగితే క్షణంలో ఇస్తుంది' అని ఇటీవల వినబడుతున్న మాట. ఇస్తుంది. గద్వాల కొంగు అడిగితే ఏదో ఒక కొంగు ఇస్తుంది. అది గద్వాలదో కంచిదో బనారసుదో చెప్పగల కన్ను మాత్రం ఇవ్వదు. గీసి నేర్చినవానికి ఆ కన్ను వస్తుంది. నేర్వనివాడు ఏది వస్తే అదే సరి అనుకుంటాడు. పైగా పదహారు గళ్ళలో ఒకే మనిషిని ఎనిమిది కదలికలలో ఒక్క గడి తేడా రాకుండా నిలపడమే పని. అది చేతిలో గళ్ళకాగితం ఉన్నవాని విద్య.

చివరికి పోషణ గురించి ఒక మాట. స్వేచ్ఛా సాఫ్టువేరు ఆకాశంనుండి ఊడిపడదు. ఊరి చెరువు నీటికి ధర లేదు. కాని ఏటేటా పూడిక తీయకపోతే, కట్టకు మట్టి పోయకపోతే, తూము చూడకపోతే రెండు తరాలలో అది చెరువు కాకుండా పోతుంది. నాగర్‌కర్నూలు రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. క్రిటా తన గూటిలో వెల లేకుండా దొరుకుతుంది. అదే క్రిటాను స్టీమ్ అంగడిలో వెలకు కూడా అమ్ముతారు, ఆ డబ్బు దానిని కట్టేవారికి చేరుతుంది. సంపాదన ఉన్నవారు అక్కడ కొనండి. సంపాదన లేని విద్యార్థి గూటినుండి దింపుకొని, సంపాదన వచ్చిన నాడు ఋణం తీర్చుకుంటాడు. దొంగప్రతికి ఇట్లా ఋణం తీర్చుకొనే మర్యాద కూడా లేదు.

డబ్బుకంటె ముందు మనం పోయగల మట్టి ఒకటుంది. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు రెండు దశాబ్దాలుగా స్వేచ్ఛా సాఫ్టువేరుమీదనే పిల్లలకు కంప్యూటరు నేర్పుతున్నాయి. గింప్, ఇంక్‌స్కేప్ అక్కడ మలయాళపు పాఠ్యపుస్తకాలలోకి చేరాయి. మన పిల్లవాడు క్రిటా గురించి తెలుగులో వెదికితే ఏం దొరుకుతుంది? దొంగప్రతిని నిలుపుకొనే విధానం మాత్రం సచిత్రంగా, సవివరంగా దొరుకుతుంది. ఇది ఎవరి లోటు? యూనికోడును ఎట్లా నిలుపుకోవాలో, ఏ మీటకు ఏ అక్షరమో, విసుగులేకుండా ఊరూపేరూ తెలియనివారికి టపాలు వ్రాసి నేర్పినవాళ్ళం మనం. ఆ పని చేయమని మనకు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. ఇప్పుడు ఒక్కొక్కరం ఒక్కొక్క పాఠం వ్రాయలేమా? ఇంక్‌స్కేప్‌లో తెలుగు శీర్షిక ఎట్లా కూర్చాలి, క్రిటాలో అంచు ఎట్లా అతికించాలి, లిబ్రెస్ప్రైట్‌లో ఎనిమిది రంగులతో హంసను ఎట్లా నడిపించాలి. సాంకేతికం తెలిసినవారు పద్ధతి చెప్పండి. భాష సరిచూచే పూచీ నాది.

వైకుంఠపాళి కుర్రవాడు ఇప్పుడు పాముల రంగులకోసం గద్వాల అంచుల డిజైను కాగితాలు తిరగేస్తున్నాడు. అటువంటివారు ఈ మూడు జిల్లాలలో ఇంకా ఉన్నారు. వారి చేతికి పగిలిన తాళం అందుతున్నది. మనం అందించవలసినది తాళమే లేని ఇల్లు.

స్వస్తి.